బొట్టు రాలుతున్నంతసేపు

కొడుకుతో ఒక్క మాటైనా చెప్పకుండా కోటిరత్నమ్మ గారు గుంటూరులో ఉదయం పాసింజరు ఎక్కడం దాకా కిందటి వారం చెప్పుకున్నాం. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్లు పట్టేసిన మనిషి ఎందుకు ఎక్కిందో కూడా గుర్తుండే ఉంటుంది. పురిటికి వచ్చిన మనవరాలి బిడ్డ పాలకు కూడా లేవకుండా మత్తుగా పడి ఉంటే, వాడికి పట్టిస్తున్న వాము అర్కాన్ని ఆవిడ చెంచాలో పోసుకుని నాలుక మీద వేసుకుంది. ఆ సీసా మీద ఉన్నది ఆవిడ బొమ్మే. ‘కోటిరత్నమ్మ గారి వాము అర్కం, మా అమ్మ చేతి మీదుగా తీసినది’ అని కొడుకు రామాంజనేయులు అచ్చు వేయించిన సీసా. తాను పొయ్యి ముందు కూర్చోలేకపోయాక, కొడుకు షెడ్డులో పనివాళ్ల చేత తన పద్ధతిలోనే తీయిస్తున్నాడని ఆవిడ ఇన్నేళ్లూ నమ్మింది. నాలుక మీద పడ్డది మాత్రం ఆ పద్ధతిలో తీసింది కాదు. గొంతు మండింది. పెనిమిటి బతికున్న రోజుల నుంచీ ఆ వాసన ఆవిడకు బాగా తెలుసు. అది సారా.

కోడలు శివపార్వతిని నిలదీస్తే షెడ్డులో అసలు పొయ్యే లేదని చెప్పి ఏడ్చింది. వినుకొండలో మస్తాన్‌బీ అనే ఆవిడ తీసిన అర్కాన్ని డబ్బాల్లో తెప్పించి మన సీసాల్లో పోస్తున్నారని చెప్పింది. ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషి తన పేరు మీద పసిపిల్లల నోట్లో సారా పోస్తోందన్న కోపంతో కోటిరత్నమ్మ గారు, బిడ్డను డాక్టరుకు చూపించమని కోడలికి చెప్పి రైలెక్కింది.

దారి పొడుగునా కళ్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలే. ఆ ఘాటుకు ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే కూర్చుంది. వినుకొండ స్టేషన్ బయట ఒక్క జట్కా ఉంది.

“అర్కం తీసే మస్తాన్‌బీ ఇల్లు తెలుసా అబ్బాయ్?”

“మా వదినేనమ్మా. ఎక్కండి. నా పేరు సుభానీ.” అతను ఆవిడ ముఖంలోకి పరీక్షగా చూశాడు. “మిమ్మల్ని ఎక్కడో చూశానే!”

“చూసే ఉంటావులే. ముందు గుర్రాన్ని చూడు.”

“గుర్రానికి దారి తెలుసమ్మా. నేనే దాని వెంట పోతుంటాను.”

ఆవిడ నవ్వలేదు. ఒళ్లో గుడ్డసంచీ, అందులో సీసా. ఏమని మొదలుపెట్టాలో మాటలు పేర్చుకుంటూ కూర్చుంది. ‘ఏమే, నీ కడుపున పిల్లలు పుట్టలేదా?’ అని మొదలుపెట్టాలి. తర్వాతి మాటలు వాటంతట అవే వస్తాయి.

జట్కా సందు చివర ఆగింది. సుభానీ చెయ్యిచ్చి దింపాడు. పెంకుటిల్లు, పక్కనే మట్టిగోడల పెరడు. ఆవిడ లోపలికి అడుగుపెట్టగానే గుప్పున వాసన తగిలింది. ఉడుకుతున్న వాము వాసన. ఎన్నేళ్లయిందో ఆ వాసన పీల్చి. పొయ్యి మీద కడుపు ఉబ్బిన రాగి పాత్ర, దాని మూత చుట్టూ పిండితో అతుకు. మూతలోంచి బయల్దేరిన గొట్టం నీళ్ల తొట్టిలో మునిగి అవతల తేలింది. దాని కొసనుంచి గాజు కూజాలోకి బొట్టు తర్వాత బొట్టు రాలుతోంది. పొయ్యి ముందు తల మీద ముసుగుతో ఒకావిడ పత్తికట్టె లోపలికి తోస్తోంది.

“ఏమే...” అని గొంతెత్తింది కోటిరత్నమ్మ గారు.

పొయ్యి ముందు మనిషి వెనక్కి తిరక్కుండానే అరచెయ్యి పైకెత్తింది.

“బొట్టు రాలుతోందమ్మా. కేకలొద్దు. కోపంగా ఉంటే కాసేపు కూర్చోండి.”

ఆ మాట కోటిరత్నమ్మ గారి మాటే.

పిల్లలు పొయ్యి చుట్టూ కొట్టుకుంటుంటే ఆవిడ కూడా సరిగ్గా ఇలాగే చెయ్యెత్తి అనేది. కోడలిగా వచ్చిన కొత్తలో అత్తగారు నేర్పిన నియమం అది. అర్కం బొట్టు రాలుతున్నంతసేపు ఆ చోట కసురుకోకూడదు, అబద్ధం ఆడకూడదు. అలా చేస్తే ఆ అర్కం బిడ్డకు నప్పదు. నిప్పు తీసి చివరి బొట్టు రాలాక ఎవరేమనుకున్నా ఫరవాలేదు. అత్తగారికి ఎవరు నేర్పారో ఆవిడ ఎన్నడూ అడగలేదు. ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి వెళ్లిందో, ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి వచ్చిందో, లేక ఇద్దరికీ పైవాడే చెప్పాడో, ఎవరు చూడొచ్చారు?

గోడవార పీట ఉంటే దాని మీద కూర్చుంది. తిట్టడానికి వచ్చిన మనిషి తిట్టకుండా కూర్చోవడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలియాలి.

“రైల్లో వచ్చారా?” అంది మస్తాన్‌బీ, బొట్టు మీద నుంచి చూపు తిప్పకుండా.

“రైల్లోనే.”

“జనం ఎక్కువా?”

“ఆఁ.”

“కుండలో మంచినీళ్లున్నాయి. తాగండి.”

“తిట్టాక తాగుతాలే.”

“తిట్టాక దాహం ఇంకా ఎక్కువేస్తుంది. ముందే తాగితే మేలు కదమ్మా,” అని మస్తాన్‌బీ నవ్వుతూ తల తిప్పింది. చూడగానే నవ్వు ఆగిపోయింది. గబుక్కున లేవబోయి, మంట గుర్తొచ్చి మళ్లీ కూలబడింది. “యా అల్లా! సీసా మీది అమ్మగారు!”

కోటిరత్నమ్మ గారు ఒళ్లో సంచీని దగ్గరికి లాక్కుంది.

“మా మరిది ఒకసారి గుంటూరు నుంచి మీ సీసా పట్టుకొచ్చి చూపించాడమ్మా. వదినా, నువ్వు తీస్తే ఈవిడ బొమ్మ వేశారే అని గోల. వీధిలో అందరికీ చూపించి నన్ను ఆటపట్టించాడు. ముసలిదానివి అయిపోయావు వదినా, బొమ్మలో గుర్తుపట్టలేకుండా ఉన్నావు అని.”

“నీకు కోపం రాలేదూ?”

“ఎందుకు రాదు? వచ్చింది. నమాజు చేసుకుని, ఇదేం న్యాయం తండ్రీ అని అడిగాను కూడా. తర్వాత అనిపించింది, కడుపునొప్పితో గుక్కపట్టి ఏడ్చే బిడ్డ ఇది ఎవరు తీశారని అడిగి ఊరుకుంటుందా?” మస్తాన్‌బీ ఇంకో కట్టె లోపలికి తోసింది. “అలాగని కోపం పూర్తిగా పోయిందనుకోకండి. అప్పుడప్పుడూ వస్తుంటుంది. బొట్టు రాలుతోంది కాబట్టి ఉన్నమాట చెబుతున్నా.”

ఈ మనిషి సారా కలిపే మనిషిలా లేదు. ఆ సంగతి కోటిరత్నమ్మ గారికి అప్పుడే తోచింది. అయినా తోచినదాన్ని నమ్మే వయసు కాదు. లేచి కూజా దగ్గరికి వెళ్లి, రాలుతున్న బొట్టుకు వేలు అడ్డం పెట్టి నాలుక మీద వేసుకుంది.

కళ్లు మూసుకుంది. చురుకు ముందు వచ్చి, వెనక చలవ వచ్చింది. ఇంక మంట లేదు, కంపు లేదు. తన చేతి అర్కానికి ఒక పిసరు ఘాటు ఎక్కువేమో.

“పొదిలి వాము,” అంది మస్తాన్‌బీ. “మీరు దేంతో తీసేవారో?”

కోటిరత్నమ్మ గారు సంచీలోంచి సీసా తీసి ఆవిడ చేతికిచ్చింది. “నువ్వు తీసిందే కదా ఇది? చూడు.”

మస్తాన్‌బీ బిరడా లాగి ముక్కు దగ్గర పెట్టుకుంది. వెంటనే చెయ్యి చాచి సీసాను దూరంగా, గోడ పక్కన పెట్టేసింది. తొట్టి దగ్గర వేళ్లు ఒకటికి రెండుసార్లు కడుక్కుంది.

“ఇది నేను తీసింది కాదమ్మా.”

“మా కోడలు నీ దగ్గర్నుంచే అంది.”

“ఇదివరకు. పత్తి తీతల నాటి నుంచి మీ అబ్బాయి గారు ఒక్క డబ్బా కూడా తీసుకెళ్లలేదు. అమ్మకం పడిపోయింది మస్తాన్‌బీ, మళ్లీ కబురు చేస్తాలే అన్నారు. ఇప్పుడు ఈ ఊళ్లో పురుళ్లకే తీస్తున్నాను. ఇదిగో, ఇది గౌస్ బాషా కోడలికి. నొప్పులు పడుతోంది.” ఆవిడ గొంతు తగ్గింది. “అమ్మా, అందులో సారా ఉంది. అది నా ఇంటి గడప తొక్కదు. ఎవరు పడుతున్నారు దాన్ని పిల్లలకి?”

“మేమే,” అంది కోటిరత్నమ్మ గారు. “నా బొమ్మ పెట్టుకుని మేమే పడుతున్నాం.”

సీసా ఎవరి పేరు మీద అమ్ముతున్నారో ఆవిడ తీసింది కాదు. ఎవరు తీశారని ఇంట్లో చెప్పుకుంటున్నారో ఆవిడా తీయలేదు. మరి ఇన్ని ఊళ్లలో, ఇన్ని ఉయ్యాలల దగ్గర చెంచాలోకి వంపుతున్నది ఎవరి చేతిది? ఒకరు తీసింది ఇంకొకరి పేరున అమ్మడం పాపమా కాదా అని అప్పటిదాకా తేల్చుకోలేకపోయిన కోటిరత్నమ్మ గారికి, దాని వెంటే వచ్చే రెండో మెట్టు అప్పుడు కనిపించింది. చేసిన చెయ్యి ఫలానాదని చెప్పనక్కరలేకపోయాక, చెయ్యి మారినా చెప్పనక్కరలేదు.

వీధిలో కారు ఆగిన చప్పుడైంది.

రామాంజనేయులు చెప్పులతోనే పెరట్లోకి వచ్చేశాడు. జరీ అంచు కండువా చెమటకు తడిసి మెడకు అంటుకుపోయింది. మస్తాన్‌బీ వైపు చూడలేదు.

“అమ్మా, లే. పోదాం. పార్వతి చెప్పింది. ఏదున్నా కార్లో మాట్లాడుకుందాం.”

“చెప్పులు విడువు. బొట్టు రాలుతోంది.”

అతను గొట్టం కొస వైపు చూశాడు. యాభై ఏళ్ల మనిషి, షాపులో నలుగురు గుమాస్తాలను గద్దించే మనిషి, చెప్పులు విడిచి గోడవార నిలబడ్డాడు.

“ఆంజనేయులూ, ఈ సీసాలో ఉన్నది ఎక్కడిది?”

అతను కండువాతో మెడ తుడుచుకున్నాడు.

“ఎవరు తీశారు?”

పలకలేదు. కూజా వైపు చూస్తున్నాడు.

“చూశావా మస్తాన్‌బీ,” అంది ఆవిడ. “చిన్నప్పుడూ ఇంతే. మామిడికాయలు కోసుకొచ్చి పొయ్యి ముందు నోరు బిగించుకుని కూర్చునేవాడు. నిప్పు తీయగానే, నేను కోయలేదు అనేవాడు. ఇప్పుడూ నిప్పు తీసేదాకా ఆగుదామని చూస్తున్నాడు.”

“అమ్మా, నీకు దణ్ణం పెడతాను. ఇక్కడ ఆలస్యం చేయకూడదు. లే.”

పాత్రలో నీళ్లు అడుగంటుతున్న చప్పుడు మస్తాన్‌బీ వింది. ఇంక నిప్పు తీయాలి. చెయ్యి చాచి కట్టె బయటికి లాగబోయింది. కోటిరత్నమ్మ గారు ఆ కట్టెను పట్టుకుని మళ్లీ లోపలికి తోసింది.

“ఇంకాసేపు రాలనివ్వు.”

“మాడు వాసన వస్తుందమ్మా. తీసిందంతా పోతుంది. ఆ పిల్ల అక్కడ నొప్పులు...”

మస్తాన్‌బీ కట్టె వదిలేసింది. తల్లి ముఖం చూసింది, కొడుకు ముఖం చూసింది. చటుక్కున నిండిన కూజాను గొట్టం కింద నుంచి తీసి గుడ్డ కప్పి పక్కన పెట్టింది. దాని చోట ఒక మట్టి మూకుడు ఉంచింది. ఇంకో చెంబుడు నీళ్లు తొట్టిలో పోసింది.

“మంచిది వేరు చేశానమ్మా. పాత్ర మాడితే మాడింది, తోముకుంటాను. మీరు అడగండి.”

మూకుడులో బొట్టు టప్‌మంది. వాసన మారుతోంది. కోటిరత్నమ్మ గారు ఇంకో పత్తికట్టె అందుకుంది.

“ఈ పెరట్లో ఉన్న కట్టెలన్నీ అయిపోయేదాకా నేను లేవను. చెప్పరా.”

చివరికి అతను మాట్లాడాడు, కొడుకు గొంతుతో కాదు, అలసిపోయిన షాపుకారి గొంతుతో.

“సీసాలకి గిరాకీ పెరిగింది. ఒంగోలు నుంచి అడుగుతున్నారు, నెల్లూరు నుంచి అడుగుతున్నారు. ఈవిడ ఒక్క పాత్రలో ఎంత తీస్తుంది? కృష్ణ దాటితే మద్యనిషేధం లేదు. అక్కడొక కంపెనీ ఉంది. స్పిరిట్లో వాము నూనె కలిపి డబ్బాల్లో ఇస్తారు. వాళ్ల పేరు ఎక్కడా పెట్టరు, ఎవరు కావాలంటే వాళ్లు సొంత పేరు అతికించుకోవచ్చు. మన మిరపకాయ బస్తాలు దించి వచ్చే లారీలో తిరిగొస్తుంది. ఆ ఘాటుకి తుమ్ములొచ్చి చెక్‌పోస్టులో ఎవరూ లోపలికి తల పెట్టరు. ముందు కొంచెమే కలిపాను. డాక్టర్ల మందుల్లో కూడా ఇదే ఉంటుంది, చెడిపోకుండా నిలవుంటుంది అన్నారు. తల్లులు షాపుకొచ్చి మెచ్చుకున్నారు. పిల్లలు ఇదివరకటి కంటే హాయిగా నిద్రపోతున్నారని...”

ఆ మాట అతని చెవికే తగిలింది.

“మన బిడ్డ కూడా హాయిగానే నిద్రపోతున్నాడు,” అంది కోటిరత్నమ్మ గారు. “నిన్న మధ్యాహ్నం నుంచి కళ్లు తెరవలేదు.”

“నాకు తెలీదమ్మా. ఇంట్లో సీసా వాడుతున్నారని నిజంగా తెలీదు.”

“ఊళ్లో వాళ్లు వాడుతున్నారని తెలుసు కదా.”

మస్తాన్‌బీ పెదాలు కదుపుతూ ఏదో చదువుకుంటోంది. కోటిరత్నమ్మ గారు కూడా లోలోపల రామా అనుకుంది. ఇద్దరూ ఆ బిడ్డ కోసమే.

“సరే. ఇంక లేస్తావా?” అన్నాడతను. చూపు మాటిమాటికీ వీధి వైపు పోతోంది.

కోటిరత్నమ్మ గారు అది గమనించింది. ఒక్కగానొక్క కొడుకు. వాడి చూపు ఎటు పోతే అటు ఏదో ఉంటుందని ఆవిడకు తెలుసు.

“ఎందుకురా అంత తొందర? నన్ను తీసుకుపోవడానికి వచ్చావు, సరే. ఎవరి కంట పడకుండా తీసుకుపోవడానికి?”

“అమ్మా...”

“ఇంకా రాలుతోంది.”

అతను గోడకు చేరగిలబడ్డాడు. మూకుడు వైపు చూస్తూ చెప్పాడు.

“మొన్న ప్రొహిబిషన్ ఇన్‌స్పెక్టరు షాపుకొచ్చి రెండు సీసాలు తీసుకెళ్లాడు. నిన్న మళ్లీ వచ్చాడు. సీసాల్లో సారా ఎక్కడిదన్నాడు. కృష్ణ అవతలి కంపెనీ పేరు చెబితే నేను లోపలికి పోతాను. లారీ పోతుంది, షాపు పోతుంది. ఏం చెప్పను? వినుకొండలో ఒకావిడ దగ్గర కొంటాను, ఆవిడ ఏం కలుపుతుందో నాకు తెలీదని చెప్పాను. ఇంట్లో రాగి బట్టీ ఉంటుంది, చూసుకోండి అన్నాను.” అతను తల ఎత్తలేదు. “ఇవాళే వస్తామన్నారు. నా వెనకే బయల్దేరి ఉంటారు. వాళ్లొచ్చేసరికి నువ్వు ఈ ఇంట్లో కనబడకూడదు. లే అమ్మా, నీ కాళ్లు పట్టుకుంటాను.”

మస్తాన్‌బీ చేతిలోని చెంబు జారలేదు. దాన్ని మెల్లగా నేల మీద పెట్టింది.

“మా అత్త సర్దార్‌బీ పాత్రండీ ఇది,” అంది అతనితో. అంతకు ముందు అతన్ని అయ్యగారూ అనేది, ఇప్పుడు అనలేదు. “ఇందులో ఎన్నడూ సారా కాచలేదు. మీరు ఎన్నోసార్లు ఇదే పెరట్లో నిలబడి చూశారు. ఆ సంగతి వాళ్లకి చెప్పారా?”

“నీకు మంచి వకీలును పెడతాను మస్తాన్‌బీ. ఖర్చంతా నాది. కొన్నాళ్లు...”

“ఆపరా!” అంది తల్లి. అదీ గట్టిగా అనలేదు.

మస్తాన్‌బీని తిట్టడానికే కోటిరత్నమ్మ గారు ఈ ఊరు వచ్చింది. భగవంతుడు ఒక్కోసారి మనల్ని తప్పు ఇంటికి పంపి సరైన మాట వినిపిస్తాడేమో. వినిపించాక ఏం చేయాలో మాత్రం చెప్పడు. అది మనకే వదిలేస్తాడు.

కన్న కొడుకు. పోతే జైలుకు పోతాడు. పోకపోతే, ఒక నేరం ఎరగని ఆడమనిషి పోతుంది. మధ్యలో ఇంకో దారి ఉందేమోనని ఆవిడ నిజంగా వెతికింది. కనిపించలేదు.

బయట సుభానీ గొంతు వినిపించింది. “వదినా! సందు మొదట్లో జీపు ఆగింది. ఖాకీ బట్టలవాళ్లు. మన ఇల్లే అడుగుతున్నారు!”

రామాంజనేయులు చెప్పులు తొడుక్కుని పెరడంతా కలయజూశాడు. వెనకవైపు గోడలో చిన్న తలుపు ఉంది, అది పత్తిచేల దారిలోకి తెరుచుకుంటుంది. “ఇటు రా అమ్మా, ఇటు పోదాం,” అని చెయ్యి చాచాడు.

కోటిరత్నమ్మ గారు ఆ చెయ్యి పట్టుకుని లేచింది. అతని ముఖంలోకి ప్రాణం వచ్చింది. తల్లిని మెల్లగా నడిపించుకుంటూ తలుపు దగ్గరికి తీసుకెళ్లి గడియ తీశాడు.

అక్కడ ఆవిడ చెయ్యి విడిపించుకుంది. మోకాళ్లు పట్టేసినా, మూలుగుతూ, గోడ ఆసరా పట్టుకుని, ఆ తలుపు గడప మీద కూర్చుంది. ద్వారం ఇరుకైనది. ఆవిడ కూర్చుంటే ఇంక చోటు లేదు.

“నిన్ను పోవద్దని అననురా. పో. నన్ను దాటి పో.”

“అమ్మా! లే!”

“ఆ సీసాల్లోది ఎక్కడిదో చెప్పగలిగినవాడివి ఈ ఊళ్లో నువ్వొక్కడివే. నువ్వు పోయావంటే ఆవిడ్ని తీసుకుపోతారు. అందుకే నేను లేవను. తల్లిని దాటగలిగితే దాటు.”

మస్తాన్‌బీ కట్టెలు లాగేసింది. నిప్పు మీద నీళ్లు చల్లింది. గొట్టం కొసన నీటి చుక్క ఒకటి వేలాడి వేలాడి మూకుడులో పడింది. ఇంకో చుక్క రాలేదు.

వీధి తలుపు గొలుసు చప్పుడైంది. “ఎవరమ్మా లోపల? మస్తాన్‌బీ ఎవరు?”

కోటిరత్నమ్మ గారు తలెత్తి కొడుకును చూసింది. రామాంజనేయులు ఒకసారి వెనక్కి చూశాడు. గడప అవతలి చేల దారిని చూశాడు. చెప్పులో ఉన్న కుడికాలు నేల మీద నుంచి లేచింది.